కొలెస్టరాలు మాత్రలు: రైతులు ఎరుగవలసిన సంగతులు

గత వానకాలపు నాట్లు ముగిసిన పిమ్మట మేము ఘటకేసరు వైపు గ్రామములలో తిరుగుచుండగా, మన సంఘ సభ్యులలో ఒక పెద్దమనిషి మమ్ము అరుగుపై కూర్చుండబెట్టి, తాము మందు మానివేసిన సంగతి చెప్పిరి. అంతకు ఏడాది ముందు వారికి గుండెపోటు వచ్చియుండెను. సికింద్రాబాదులో వైద్యులు వారి రక్తనాళమునకు స్టెంటు వేసి, దినమునకొకటి చొప్పున అటోర్వస్టాటిను మాత్రను విడువక మ్రింగుమని చెప్పి పంపిరి. "అయ్యా, ఈ మాత్రలు కండలను తినివేయునట. పీట మీదినుండి లేవలేకున్నాను. మూడు వారములాయె, తీసి పారవేసితిని" అని వారు పలికిరి.

వారి మాటలో కొంత నిజమున్నది, కొంత పొరపాటును ఉన్నది. ఇట్టి సందేహమునే మరికొందరు సభ్యులును అడుగుచున్నారు గావున ఈ నెల ఎరువుల ప్రసంగమును ఆపి దీనిని వ్రాయుచున్నాము. మేము వైద్యులము కాము. వైద్యులవలన విన్నదానిని, చదివి తెలిసికొన్నదానిని సభ్యులకు బోధపడునట్లు చెప్పుట వరకే మా పని.

కొలెస్టరాలు మైనమువంటి క్రొవ్వు పదార్థము. దేహమునకది కావలసినదే. అందు హెచ్చుభాగమును దేహమే, ముఖ్యముగా కాలేయము, తయారుచేసికొనును. మితిమీరినచో అది రక్తనాళముల గోడలలో చేరి, కాలువలో పూడిక పేరినట్లు దారిని ఇరుకు చేయును. ఇది పట్టణవాసుల జబ్బని తలపరాదు. భారత వైద్య పరిశోధన మండలి వారి దేశవ్యాప్త పరిశీలనలో పెద్దవారిలో నూటికి 24 మందికి కొలెస్టరాలు హెచ్చుగా నున్నట్లు 2023లో ప్రకటించిరి. స్టాటినులను మాత్రలు కాలేయములోని ఈ తయారీని తగ్గించును.

వీని పుట్టుక రైతులకు వినవేడుకగా నుండును. జపానుదేశమున రైతు కుటుంబములో జన్మించిన అకిరా ఎండో అను శాస్త్రజ్ఞుడు వేలకొలది శిలీంధ్రములను పరీక్షించి, క్యోటో నగరమున ధాన్యపు అంగడిలోని బియ్యమునకు పట్టిన నీలిబూజునుండి 1973లో మొదటి స్టాటినును కనుగొనెను. సరిగా ఎండబెట్టక మనము పాడుచేసికొను బియ్యము మీది బూజు వంటిదే అది! నేడు హైదరాబాదు చుట్టుపట్ల కర్మాగారములలోను ఈ మాత్రల మూలద్రవ్యము తయారగుచున్నది.

ఇక ఆ పెద్దమనిషి సంగతికి వత్తుము. వారి గూటిలోని మందులన్నియు దింపి చూడగా, అటోర్వస్టాటిను చీటీ ప్రక్కనే ఇట్రాకొనజోలు గొట్టములు కనబడినవి. నాట్లలో దినమెల్ల బురదనీట నిలిచినందున తొడలయందు తామర లేచినదట. అంగడికి పోయి, వైద్యుని చీటీ లేకయే ఆ గొట్టములు కొని నెల దినములు మ్రింగిరి. గుండెకు మాత్ర వాడుచున్నట్లు వారు చెప్పలేదు, అంగడివాడు అడుగలేదు.

దోషమంతయు ఈ జతలో నున్నది. రెండు పురుగుమందులను ఒకే డ్రమ్ములో పోయుటకు ముందు చిన్న చెంబులో కలిపి, విరుగునా లేదా అని చూడుడని మేము ఏటేట చెప్పుచునే యుందుము. కడుపులో పోయు మందులకు ఆ విచారణ ఇంకను ఎక్కువ అవసరము. కాలేయములో మందులను విరిచి వెలికి పంపు ఏర్పాటొకటి కలదు. అటోర్వస్టాటిను, సింవస్టాటిను, లోవస్టాటిను ఆ దారినే పోవును. ఇట్రాకొనజోలు ఆ దారిని మూసివేయును. అంతట దినమునకొక మాత్రయే మ్రింగినను, అనేక మాత్రలు మ్రింగినట్లు రక్తములో మందు పేరుకొనును. సింవస్టాటిను, లోవస్టాటినులతో ఇట్రాకొనజోలును బొత్తిగా కూడదు. అటోర్వస్టాటినుతో వాడవలసివచ్చినచో మోతాదును వైద్యుడు తగ్గింపవలెను. దగ్గులకును గొంతునొప్పులకును ఇచ్చు క్లారిత్రోమైసిను, ఎరిత్రోమైసినులును ఇట్టివే. రోసువస్టాటినుకు ఈ చిక్కు తక్కువ. గ్రేప్ ఫ్రూట్ అను పండు రసమును ఆ దారినే మూయును. దాని చుట్టమైన పంపరపనసను మితము మీరి తినకుండుట మేలు. నల్లగొండ తోటల వారు అడుగుదురేమో, బత్తాయికి ఆ దోషము లేదు.

జత వలన ఎంత కీడు మూడగలదో లోకము ఒకమారు చూచినది. సెరివస్టాటిను అను మాత్ర 1997లో అంగళ్లకు వచ్చినది. దానిని ముఖ్యముగా జెమ్ఫిబ్రోజిలు అను మరియొక క్రొవ్వు మందుతో కలిపి వాడినవారికి కండలు కరగి, మూత్రపిండములు చెడి, 52 మరణములు సంభవించినట్లు లెక్కకు వచ్చెను. 2001లో తయారుచేసినవారే దానిని వెనుకకు తీసికొనిరి. నేటికిని స్టాటినుతో జెమ్ఫిబ్రోజిలును కలుపరాదని వైద్యులు చెప్పుదురు.

జత లేనప్పుడు అపాయమెంత? 2016లో ప్రకటింపబడిన ఒక పెద్ద సమీక్ష ప్రకారము, 10,000 మంది అయిదేండ్లు ఈ మాత్రలు వాడినచో సుమారు అయిదుగురికి కండరముల జబ్బు, 50 మొదలు 100 మందికి క్రొత్తగా మధుమేహము, 5 మొదలు 10 మందికి మెదడులో రక్తస్రావము కలుగవచ్చును. అంతకుముందే గుండెజబ్బు వచ్చియున్న 10,000 మందిలో సుమారు 1,000 మందికి గుండెపోటు, పక్షవాతము మొదలగునవి తప్పును. మధుమేహము వచ్చువారిలో పెక్కురు అంతకుముందే దాని గట్టున నున్నవారే. కాలేయమునకు గట్టి దెబ్బ తగులుట మిక్కిలి అరుదు. అయినను కండ్లు పచ్చబడినచో వెంటనే చూపింపవలెను. సారాయి అలవాటు గలవారు ఆ సంగతిని వైద్యునికి దాచరాదు. గర్భిణులును, గర్భము కోరు స్త్రీలును వైద్యుని అడుగకుండ ఈ మాత్రలు వాడరాదు.

నొప్పుల విషయమున మరియొక చిత్రము కలదు. బాధలు కలుగుచున్నవని స్టాటినులు మానివేసిన 60 మందికి లండనులో కొన్ని నెలలు నిజమైన మాత్రలు, కొన్ని నెలలు మందులేని ఉత్తి మాత్రలు, ఏ మాత్ర ఏదో తెలియకుండ ఇచ్చిరి. మాత్రయే లేని నెలలును కొన్ని యుంచిరి. మందు మాత్రలతో కలిగిన బాధలో నూటికి 90 పాళ్లు ఉత్తి మాత్రలతోను కలిగినది. 2020లో ఈ ఫలితము వెలువడినది. వారి నొప్పి అబద్ధమని దీని భావము కాదు. నొప్పి నిజమే, కారణము మాత్రము పెక్కుసారులు వేరు.

నాట్లు వేసిన నడుము నొచ్చును, బస్తాలు మోసిన భుజము నొచ్చును. ఒక ప్రక్కనే యుండి, విశ్రాంతితో తగ్గు నొప్పి సాధారణముగా పనివలన వచ్చినదే. మాత్ర మొదలిడిన, లేక మోతాదు పెంచిన కొలది వారములకు రెండు తొడలును, రెండు భుజములును సమముగా నొచ్చి, గొంతుకూర్చున్నచోట నుండి లేవలేకున్నచో మాత్రను అనుమానింపవలెను. థైరాయిడు లోపమున్నను ఇట్లగును. దానికి పరీక్ష కలదు. కండరములకు సీకే అను రక్తపరీక్ష చేయుదురు. అయితే అరక దున్నినను, మూటలెత్తినను ఆ అంకె ఎవరికైనను పెరుగును గావున, పరీక్షకు ముందు కొన్ని దినములు బరువుపని మాని, తాము చేసిన పనిని వైద్యునికి చెప్పవలెను. నొప్పితోపాటు మూత్రము టీ డికాక్షను రంగున వచ్చినచో మాత్రము ఆలోచన పనికిరాదు. మాత్ర ఆపి, ఆ దినమే పెద్దాసుపత్రికి పోవలెను.

ఈ గుర్తు లేనప్పుడు తమంత తాము మానుట మంచిది కాదు. మోతాదు తగ్గించుట, వేరు స్టాటినుకు మార్చుట, స్టాటిను కాని ఎజెటిమైబు ఇచ్చుట మొదలగు మార్గములు వైద్యునికి కలవు. స్టెంటు వేసికొన్నవారు ఏ రక్షణయు లేక వారములు గడుపుట వట్టి సాహసము.

మరునాడు ఆ పెద్దమనిషిని వెంటబెట్టుకొని వారి వైద్యునియొద్దకు పోతిమి. సీకే అంకె ఇంకను హెచ్చుగానే యుండెను, మూత్రపిండములు బాగుండెను. వైద్యుడు గొంతెత్తలేదు గాని, "ముందే రావలసినది" అని రెండుమారులు అనెను. ఇట్రాకొనజోలు మాన్పి, తామరకు పైపూత వ్రాసి, కండలు కుదుటపడిన పిమ్మట తక్కువ మోతాదున స్టాటినును మరల మొదలుపెట్టించెను. ఈ యేడు వారు నాట్లకు దిగిరి.

మందువలన కీడు కలిగెనని తోచినచో రోగియే స్వయముగా తెలుపవచ్చును. ఘజియాబాదులోని ఇండియన్ ఫార్మకోపియా కమీషను వారి ఉచిత ఫోను సంఖ్య 1800-180-3024. ఈ నెల మొదలు ప్రతి బుధవారము, మందుల చీటీలతో మన సంఘ కార్యాలయమునకు వచ్చు సభ్యులకు ఆ మందుల పేర్లన్నియు ఒక అట్టమీద తెలుగున వ్రాసి యిచ్చెదము. అంగడికి పోవునప్పుడు ఆ అట్టను చూపవలెను.