మూడు చీటీలు.. మూడు ధరలు

వాషింగ్ మెషీన్ మీద చెయ్యి వేసిన మా అత్తమ్మ ఒక్క ఉదుటున వెనక్కి జరిగారు. ‘చెయ్యి జివ్వుమన్నది బిడ్డా’ అన్నారు. తడి చేత్తో ముట్టుకుని ఉంటారులే అని నేను తేలిగ్గా తీసేశాను. మర్నాడు బట్టలు వేస్తుంటే నా చేతికీ అదే జివ్వుమనడం! ఇక ఆ సాయంత్రమే ఎలక్ట్రీషియన్ కోసం కబురు పెట్టాం.

మాది పటాన్‌చెరులో మా మామగారు 1991లో కట్టించిన మూడు గదుల ఇల్లు. అప్పట్లో నాలుగు ట్యూబులైట్లు, మూడు ఫ్యాన్లు, ఒక టీవీ. ఆ లెక్కకే వైరు లాగారు. ఇప్పుడదే వైరు మీద ఫ్రిజ్, మిక్సీ, గీజర్, వాషింగ్ మెషీన్ అన్నీ నడుస్తున్నాయి. రామచంద్రాపురం నుంచి ఇస్నాపూర్ మీదుగా సంగారెడ్డి దాకా ఫ్యాక్టరీ జీతాల మీద అప్పు చేసి ఆ రోజుల్లో కట్టుకున్న ఇళ్లు ఎన్నో. వాటిలో చాలావాటిది ఇదే కథ అయి ఉంటుంది.

వచ్చిన ముగ్గురూ ఇల్లంతా తిరిగి చూశారు. మొదటతను ఒక కంపెనీలో మెయింటెనెన్సులో పనిచేస్తూ, షిఫ్టు అయ్యాక ఇళ్ల పనులు ఒప్పుకుంటాడు. ‘సామానుతో సహా 26 వేలు అక్కా’ అన్నాడు. రెండో ఆయన సంగారెడ్డి నుంచి వచ్చిన కాంట్రాక్టరు. 44 వేలన్నాడు. మూడో అతను 38 వేలు. ఒకే ఇంటికి, ఒకే పనికి 18 వేల తేడా!

‘ఇంకా ఆలోచన దేనికి వదినా, 26 వేల అతనికే ఇచ్చెయ్యి’ అంది పక్కింటావిడ. ‘తక్కువ చెప్పాడంటే ఎక్కడో కోత పెడతాడు, 44 వేల ఆయనే నయం’ అన్నాడు మా మరిది. నాకైతే ఇద్దరి మాటా నిజమేననిపించింది. ఇంకేముంది, రెండు రోజులు ఎటూ తేల్చుకోలేకపోయాను.

దారి చూపింది మా వారే. ఆయన ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో పనిచేస్తారు. ‘మా దగ్గర చిన్న మోటారు కొనాలన్నా ముందు మాకేం కావాలో కాగితం మీద రాస్తాం. అదే కాగితం ముగ్గురికీ పంపుతాం. వచ్చిన ధరల్ని పక్కపక్కన పెట్టి చూస్తాం. నువ్వు ముగ్గుర్నీ ఎంతవుతుందని అడిగావు గానీ, ఏ పనికో చెప్పావా?’ అన్నారు.

నిజమే! నేను చెప్పలేదు. ముగ్గురూ మూడు రకాల పనులు మనసులో పెట్టుకుని మూడు ధరలు చెప్పారు. నేనేమో వాటిని ఒకే పని ధరలనుకుని పోల్చుతున్నాను.

కాగితం మీద ఏం రాశాను?

ఆ రాత్రి మా వారూ నేనూ కూర్చుని ఒక తెల్ల కాగితం నింపాం. మీకూ పనికొస్తుందని చెబుతున్నాను.

ముందు గది గదికీ లైట్లు, ఫ్యాన్లు, ప్లగ్గులు ఎన్నో అంకెల్లో రాశాం. ఎందుకంటే కూలి పాయింటు లెక్కన కడతారు. స్విచ్చు పక్కనున్న చిన్న ప్లగ్గును ఒకరు అర పాయింటు అంటారు, ఇంకొకరు పూర్తి పాయింటు అంటారు. పాయింటు ధర తక్కువని మురిసిపోతే లెక్క దగ్గర పెరుగుతుంది.

తర్వాత వైరు. రాగి వైరే కావాలని, లైట్లకూ ఫ్యాన్లకూ 1.5 చదరపు మిల్లీమీటర్లు, ప్లగ్గులకు 2.5, గీజర్‌కు విడిగా 4 అని రాశాం. రెండు కిలోవాట్ల గీజర్ దాదాపు తొమ్మిది ఆంపియర్ల కరెంటు లాగుతుంది. దాన్ని ట్యూబులైటు వైరుకు కలిపితే వైరు వేడెక్కుతుంది. వైరు మీద ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 694 అన్న అంకె అచ్చువేసి ఉండాలనీ రాశాం. గుర్తు కింద ఉండే లైసెన్సు నంబరు అసలుదో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో మనమే చూసుకోవచ్చు.

మూడోది ఎర్తింగ్. నేల బాగున్నచోట సుమారు ఎనిమిదడుగుల పైపు దింపి, చుట్టూ ఉప్పూ బొగ్గూ వేసి, అక్కణ్నుంచి ప్రతి ప్లగ్గుకూ ఆకుపచ్చ వైరు తేవాలి. మా ఇంట్లో ప్లగ్గులకు మూడు కన్నాలున్నాయి కానీ, మూడో కన్నం వెనక వైరే లేదట! అత్తమ్మ చెయ్యి జివ్వుమన్నది అందుకే.

నాలుగోది ఆర్‌సీసీబీ. నేనైతే ఎంసీబీ ఉంటే చాలనుకున్నాను. అది లోడు ఎక్కువైనా, షార్ట్ సర్క్యూట్ అయినా పడిపోయి వైరును కాపాడుతుంది. మనిషికి షాకు కొడితే అది పడిపోతుందన్న నమ్మకం లేదు. ఆ పని ఆర్‌సీసీబీది. ఇళ్లలో 30 మిల్లీ ఆంపియర్లది పెడతారు. అంతకు మించి కరెంటు దారి తప్పితే రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది.

చివరగా గోడకు కొట్టిన గాళ్లు పూడ్చి సిమెంటు పూత వెయ్యడం, చెత్త ఎత్తిపోయడం ఎవరి బాధ్యతో రాశాం. అన్నిటికీ సామాను ధర వేరుగా, కూలి వేరుగా వెయ్యాలని, పన్ను కలిపి చెబుతున్నారో వేరుగానో రాయాలని కూడా చేర్చాం.

లెక్క తారుమారు

అదే కాగితం ముగ్గురికీ ఇచ్చాను. వారంలో చీటీలు వచ్చాయి. 26 వేలు చెప్పినతను ఇప్పుడు 41,500 రాశాడు. ఎర్తింగ్‌కు 5,500, గీజర్ వైరుకు, దాని బోర్డుకు 5 వేలు, ఆర్‌సీసీబీకి రెండున్నర వేలు, పూతకు రెండున్నర వేలు కలిశాయి. 44 వేల కాంట్రాక్టరు పూత ఒక్కటే కలపలేదట, 46,500 అయింది. 38 వేల అతను మొదట పేరు లేని వైరు లెక్క వేశాడట. ఐఎస్‌ఐ వైరు, ఆర్‌సీసీబీ, పూత కలిపేసరికి 47 వేలకు చేరాడు. మధ్యలో ఉన్న ధరే అన్నిటికంటే ఎక్కువైంది చూశారా! పద్దెనిమిది వేల తేడా కాస్తా ఐదున్నర వేలకు దిగింది.

మొదటతణ్ని ఉండబట్టలేక అడిగేశాను, ‘ఎర్తింగ్ లేదని ముందే ఎందుకు చెప్పలేదు తమ్ముడూ?’ అని. అతను కాస్త నొచ్చుకున్నాడు. ‘మీరు అడగలేదు కదక్కా. అన్నీ కలిపి చెప్తే ధర విని ఇంకొకళ్లను పిలుస్తరు. ఎర్తింగ్ గుంత ఎందుకు, పైసలు దండగ అన్నోళ్లే ఎక్కువ’ అన్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. చీరలు కొనేటప్పుడు అంచు, పోగు, రంగు అన్నీ చూసి బేరమాడే మనం, గోడలో దాక్కునే పనికి మాత్రం ఒక్క అంకె అడిగి ఊరుకుంటాం. తక్కువ అంకె కోసం మనం పట్టుబడితే, ఆ తక్కువ ఎక్కడో ఒకచోట తగ్గించాలి కదా. కంటికి కనబడని ఎర్తింగ్ దగ్గరే తగ్గుతుంది.

పని ఇచ్చే ముందు

చివరికి మొదటతనికే పని ఇచ్చాం. తక్కువన్న ఒక్క కారణంతో కాదు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివిన సర్టిఫికెట్, వైర్‌మన్ పర్మిట్ చూపించాడు. పని తానే చేస్తానన్నాడు. అంతకుముందు చేసిన ఇల్లొకటి చూపిస్తే, వెళ్లి ఆ ఇంటావిడతో మాట్లాడి వచ్చాను. సామాను మా వారు తనే బిల్లుతో కొన్నారు. కొన్ని ఇక్కడ, స్విచ్చులు హైదరాబాద్ ట్రూప్ బజార్‌లో. డబ్బు మూడు వాయిదాలు. ఆఖరిది పరీక్ష చేసి చూపించాకే. మధ్యలో పని పెరిగితే ముందు ధర రాసి, ఇద్దరం ఒప్పుకున్నాకే చేయాలన్నది షరతు. పాత వైర్లు తీశాక రెండు పాయింట్లు పెరిగాయి కూడా. గొడవ మాత్రం రాలేదు.

ఇంకో మాట. ఏసీలాంటివి కొత్తగా పెట్టేట్టయితే కరెంటు బిల్లులో రాసున్న లోడు ఎంతో చూసుకోండి. చాలకపోతే కరెంటాఫీసులో అర్జీ పెట్టి పెంచుకోవాలి.

పని అయిపోయిన రోజు అతను ఆర్‌సీసీబీ మీదున్న టెస్టు బటన్ నా చేతే నొక్కించాడు. టక్కున ఇల్లంతా చీకటి! ‘అప్పుడప్పుడు ఇట్లా నొక్కి చూడండి అక్కా, పడిపోకపోతే నాకు ఫోన్ చేయండి’ అన్నాడు.

మర్నాడు అత్తమ్మ వాషింగ్ మెషీన్ దగ్గర నిలబడి, ముందు ఒక్క వేలు ఆనించారు. తర్వాత అరచెయ్యి పెట్టారు. నావైపు చూసి నవ్వారు.

ఆ కాగితం ఇంకా మా బీరువాలోనే ఉంది. మొన్న పక్కింటావిడ వచ్చి అడిగింది, ‘వదినా, ఆ చీటీ ఒకసారి ఇస్తావా?’ అని.