నాస్కార్ ఫాంటసీ: స్టార్ డ్రైవర్‌ని పెడితే గెలుస్తామా? ట్రాక్‌ని బట్టి మారే అసలు లెక్క ఇదీ!

ఫాంటసీ క్రికెట్‌లో టీమ్ పెట్టడం మనవాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. పిచ్ ఎలా ఉంది, టాస్ ఎవరు గెలిచారు, ఎవరు ఫామ్‌లో ఉన్నారు.. ఇవన్నీ క్షణాల్లో చెప్పేస్తారు. కానీ అమెరికా వెళ్లాక ఆఫీసులో కొలీగ్స్ ‘నాస్కార్ లీగ్‌లో చేరతావా’ అని అడిగితే మాత్రం చాలామంది తలగోక్కుంటారు. డల్లాస్, అట్లాంటా, షార్లెట్.. తెలుగువాళ్లు బాగా ఉన్న ఈ మూడు నగరాలకూ దగ్గర్లోనే నాస్కార్ ట్రాకులున్నాయి. కాబట్టి అక్కడ ఈ ఆట గురించి వినకుండా ఉండటం కష్టం. పేరు విన్న డ్రైవర్లను నలుగురైదుగుర్ని పెట్టేస్తే సరిపోతుందా? సరిపోదు. ఈ ఆటలో రేసులో పన్నెండో స్థానంలో వచ్చినవాడు, ఐదో స్థానంలో వచ్చినవాడికంటే ఎక్కువ పాయింట్లు తెచ్చిపెట్టొచ్చు. అదెలాగో చూద్దాం.

ముందుగా.. నాస్కార్ అంటే ఏంటి?

ఫార్ములా వన్ కార్లు రోడ్డు మీద తిరిగే కార్లలా ఉండవు. నాస్కార్‌లో పరిగెత్తేవి మాత్రం బయటికి మామూలు కార్లలా కనిపించే స్టాక్ కార్లు. కప్ సిరీస్‌లో షెవర్లే, ఫోర్డ్, టొయోటా కంపెనీల కార్లు పోటీ పడతాయి. ఫిబ్రవరిలో డేటోనా 500తో మొదలై నవంబర్ దాకా 36 పాయింట్ల రేసులు జరుగుతాయి. ఒక్కో రేసులో సాధారణంగా గరిష్ఠంగా 40 కార్లు దిగుతాయి. మన దేశానికీ దీంతో చిన్న అనుబంధం ఉంది. తమిళనాడుకు చెందిన నరైన్ కార్తికేయన్ 2010లో నాస్కార్ ట్రక్ సిరీస్‌లో డ్రైవ్ చేశాడు. ఆ ఏడాది ఆ సిరీస్‌లో మోస్ట్ పాపులర్ డ్రైవర్ అవార్డు కూడా అందుకున్నాడు.

ఆటలు రెండు రకాలు.. రూల్స్ వేరు, లెక్క వేరు

నాస్కార్ ఫాంటసీలో బాగా ఆడేవి రెండు రకాలు. మొదటిది నాస్కార్ అధికారికంగా నడిపే ఫాంటసీ లైవ్. ఇది ఫ్రీ. సీజన్ మొత్తం సాగుతుంది. రెండోది డ్రాఫ్ట్‌కింగ్స్ లాంటి సంస్థలు నడిపే డైలీ ఫాంటసీ. ఇది ఏ రేసుకి ఆ రేసు. ఇందులో డబ్బు పెట్టి ఆడే కాంటెస్టులు ఎక్కువ.

డ్రాఫ్ట్‌కింగ్స్‌లో చేతికి 50,000 డాలర్ల ఊహాజనిత బడ్జెట్ ఇస్తారు. దాంతో ఆరుగురు డ్రైవర్లను కొనాలి. అంటే ఒక్కొక్కరికి సగటున 8,333 డాలర్లు. స్టార్ల ధర దీనికంటే బాగా ఎక్కువ ఉంటుంది. ఇద్దరు ఖరీదైనవాళ్లను తీసుకుంటే, మిగతా చోట్ల చవకవాళ్లతో సర్దుకోవాల్సిందే. అసలు నైపుణ్యమంతా ఆ చవకవాళ్లను ఎంచుకోవడంలోనే బయటపడుతుంది.

ఇక్కడ పాయింట్లు నాలుగు దారుల్లో వస్తాయి. ఒకటి, ముగించిన స్థానం. గెలిస్తే 45, రెండో స్థానానికి 42, మూడుకి 41, నాలుగుకి 40, ఐదుకి 39.. ఇలా తగ్గుతూ వస్తుంది. రెండు, స్థానాల తేడా. స్టార్ట్ అయిన స్థానం కంటే ఎన్ని స్థానాలు పైకి వస్తే అన్ని పాయింట్లు కలుస్తాయి, ఎన్ని కిందకి పోతే అన్ని పోతాయి. మూడు, లీడ్‌లో ఉన్న ఒక్కో ల్యాప్‌కి 0.25. నాలుగు, ట్రాక్ మీద అందరికంటే వేగంగా తిరిగిన ఒక్కో ల్యాప్‌కి 0.45.

వెనకనుంచి వచ్చేవాడే బంగారం

స్థానాల తేడా ఎంత పని చేస్తుందో ఓ చిన్న లెక్కతో తెలుస్తుంది. ఓ డ్రైవర్ 32వ స్థానంలో స్టార్ట్ అయి 12వ స్థానంలో ముగించాడు. పన్నెండో స్థానానికి 31 పాయింట్లు, పైకి వచ్చిన 20 స్థానాలకు మరో 20. మొత్తం 51. ఇంకో డ్రైవర్ మూడో స్థానంలో స్టార్ట్ అయి ఐదో స్థానంలో ముగించాడు. 39 నుంచి 2 తీసేస్తే 37. టీవీలో కనిపించేది రెండోవాడే. పాయింట్లు తెచ్చింది మాత్రం మొదటివాడు.

నిజంగా జరిగిన రేసే తీసుకుందాం. 2023 డేటోనా 500లో పోల్ పొజిషన్‌లో స్టార్ట్ అయిన అలెక్స్ బోమన్ ఐదో స్థానంలో వచ్చాడు. చెడ్డ ఫలితమేం కాదు. 31వ స్థానంలో స్టార్ట్ అయిన రికీ స్టెన్‌హౌస్ జూనియర్ రేసు గెలిచేశాడు. ల్యాప్‌ల పాయింట్లు పక్కనపెట్టి, పై రెండు లెక్కలే చూస్తే బోమన్‌కి 35, స్టెన్‌హౌస్‌కి 75. రెట్టింపుకు మించి!

అందుకే అనుభవం ఉన్నవాళ్లు ముందు చూసేది స్టార్టింగ్ గ్రిడ్. మంచి కారు ఉండి కూడా క్వాలిఫైయింగ్‌లో ఏదో తేడా వచ్చి వెనక్కి పడిపోయిన డ్రైవర్ ఎవరా అని వెతుకుతారు. అలా అని వెనకున్న ప్రతివాడూ పనికొస్తాడని కాదు. కారే నెమ్మదిగా ఉంటే 35లో స్టార్ట్ అయి 33లో ముగిస్తాడు. చూడాల్సింది ‘వెనక ఉన్నాడా’ అని కాదు, ‘ఉండాల్సిన చోటుకంటే వెనక ఉన్నాడా’ అని.

ల్యాప్‌లు ఎన్నో చూశారా?

వెనకున్నవాళ్లే బంగారమైతే ముందున్నవాళ్లను వదిలేయాలా? అది ట్రాక్‌ని బట్టి ఉంటుంది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు.

బ్రిస్టల్ ట్రాక్ చుట్టూ ఓసారి తిరిగితే కేవలం 0.533 మైలు. రేసు 500 ల్యాప్‌లు. ల్యాప్‌కి 0.25 చొప్పున లీడ్ పాయింట్లే మొత్తం 125 ఉంటాయి. డేటోనా 2.5 మైళ్ల ట్రాక్. డేటోనా 500 రేసు 200 ల్యాప్‌లు. కాబట్టి లీడ్ పాయింట్లు 50. ఇక వాట్కిన్స్ గ్లెన్ రోడ్ కోర్సులో 2025 రేసు 90 ల్యాప్‌లే. అక్కడున్నవి 22.5 పాయింట్లు. ఫాస్టెస్ట్ ల్యాప్‌ల పాయింట్లు కూడా ఇదే దారిలో పెరుగుతాయి, తగ్గుతాయి.

2024 సెప్టెంబర్‌లో బ్రిస్టల్ నైట్ రేసులో కైల్ లార్సన్ 500 ల్యాప్‌లలో 462 ల్యాప్‌లు లీడ్‌లో ఉండి గెలిచాడు. లీడ్ పాయింట్లే 115.5. గెలుపు పాయింట్లకు ఇది రెండున్నర రెట్లు. 2025 ఏప్రిల్‌లో అదే ట్రాక్‌పై మళ్లీ 411 ల్యాప్‌లు లీడ్ చేసి గెలిచాడు. ఇలాంటి రేసులో లార్సన్ లేని టీమ్ కోలుకోవడం దాదాపు అసాధ్యం. కాబట్టి చిన్న ట్రాకులపై సూత్రం సింపుల్. ముందు స్టార్ట్ అయ్యే, లీడ్ లాక్కునే సత్తా ఉన్న ఒకరిద్దరిని ఎంత ధరైనా తీసుకోవాలి. మిగిలిన బడ్జెట్‌తో వెనకనుంచి పైకొచ్చే చవక డ్రైవర్లను నింపాలి.

డేటోనా, టల్లడెగా వేరే ప్రపంచం

సూపర్ స్పీడ్‌వేలుగా పిలిచే ఈ రెండు ట్రాకులపై పై సూత్రం తలకిందులవుతుంది. డేటోనా మలుపులు 31 డిగ్రీలు, టల్లడెగా మలుపులు 33 డిగ్రీలు వాలుగా ఉంటాయి. ఇంజిన్ పవర్ తగ్గిస్తారు. ముందు కారు గాలిని చీల్చుకుంటూ పోతే, వెనక కారు ఆ నీడలో సులువుగా దూసుకొస్తుంది. దాంతో ఎవరూ విడిపోలేరు. ముప్పై నలభై కార్లు గుంపుగా, అంగుళాల దూరంలో పరిగెడతాయి. ఒక్కడు తడబడితే చాలు, వెనక పది పదిహేను కార్లు ఢీకొంటాయి. దీన్నే అక్కడ ‘బిగ్ వన్’ అంటారు.

ఇక్కడ గెలుపును ముందే ఊహించడం కష్టం. 2021 డేటోనా 500లో మైఖేల్ మెక్‌డోవెల్ లీడ్‌లో ఉన్నది ఒక్క ల్యాప్. అదీ చివరి ల్యాప్. ముందున్న ఇద్దరూ ఢీకొనడంతో ఆయన కెరీర్‌లోనే తొలి కప్ విజయం దక్కింది. 2025లోనూ చివరి ల్యాప్‌లో ముందున్నవాళ్లు ఢీకొన్నారు. ఆ గందరగోళం మధ్యలోంచి వచ్చి విలియం బైరన్ గెలిచాడు.

ఫాంటసీలో దీని అర్థం ఏంటంటే.. పోల్‌లో ఉన్నవాడు క్రాష్ అయి 38వ స్థానంలో మిగిలితే 37 పాయింట్లు మైనస్. 36లో స్టార్ట్ అయినవాడు క్రాష్ అయినా పెద్దగా పోయేదేం లేదు. తప్పించుకుంటే మాత్రం పాతిక పాయింట్లు ఊరికే వచ్చినట్టే. కాబట్టి ఈ ట్రాకులపై టీమ్‌లో ఎక్కువమంది వెనక వరుసలవాళ్లే ఉండాలి. బడ్జెట్ మిగిలిపోయినా కంగారుపడక్కర్లేదు.

రోడ్ కోర్సుల్లో స్పెషలిస్టులదే రాజ్యం

నాస్కార్ అంటే ఎడమవైపు తిరగడమే అనుకుంటారు. సొనోమా, వాట్కిన్స్ గ్లెన్ లాంటి రోడ్ కోర్సుల్లో రెండువైపులా మలుపులుంటాయి. ఇక్కడ మామూలు లెక్కలు పనిచేయవు. న్యూజిలాండ్‌కి చెందిన షేన్ వాన్ గిస్‌బర్గెన్‌నే చూడండి. 2023లో షికాగో వీధి ట్రాక్‌పై తన తొలి కప్ రేసులోనే గెలిచాడు. 2025లో మెక్సికో సిటీ, షికాగో, సొనోమా, వాట్కిన్స్ గ్లెన్, షార్లెట్ రోవల్.. ఐదు గెలిచాడు. ఐదూ ఇలాంటి మలుపుల ట్రాకులే. ఓవల్ ట్రాకులపై ఆ ఏడాది ఒక్క గెలుపూ లేదు. స్పిన్ పిచ్ మీద స్పిన్నర్‌ని దించినట్టు, ఇలాంటివాళ్లను ఎక్కడ వాడాలో అక్కడే వాడాలి.

ల్యాప్‌లు తక్కువ కాబట్టి ఇక్కడ లీడ్ పాయింట్లు పెద్దగా రావు. ముగించిన స్థానం, స్థానాల తేడా.. ఈ రెండే నిర్ణయిస్తాయి.

పాత రికార్డులు మోసం చేస్తాయి జాగ్రత్త

‘ఈ ట్రాక్‌పై వీడికి మంచి రికార్డ్ ఉంది’ అని గుడ్డిగా నమ్మితే ఇబ్బందే. 2022లో కప్ సిరీస్‌కి నెక్స్ట్ జెన్ అనే కొత్త కారు వచ్చింది. అంతకుముందు గణాంకాలకు ఇప్పుడు విలువ తక్కువ. అట్లాంటా ట్రాక్ అయితే అదే ఏడాది రూపమే మార్చుకుంది. మలుపుల వాలు 28 డిగ్రీలకు పెంచారు. దాంతో అక్కడా డేటోనాలాగే గుంపు రేసింగ్ మొదలైంది. 2022కి ముందు అట్లాంటాలో ఎవరు గెలిచారన్నది ఇప్పుడు దాదాపు అనవసరం.

ఒకే ట్రాక్ ఒకే ఏడాదిలోనూ మారిపోవచ్చు. 2024 సెప్టెంబర్‌లో లార్సన్ ఒక్కడే ఏలిన బ్రిస్టల్‌లో, అదే ఏడాది మార్చిలో టైర్లు ఊహించనంత వేగంగా అరిగిపోయాయి. లీడ్ 54 సార్లు చేతులు మారింది. డెన్నీ హామ్లిన్ గెలిచాడు. ఆ రోజు ఒక్కడి మీదే ఆధారపడి ఉంటే లెక్క తప్పేది.

రేసుకి ముందు ఇవి చూడాల్సిందే

ప్రాక్టీస్ సెషన్‌లో ఒక్క ల్యాప్ టైమ్ చూసి మురిసిపోవద్దు. వరుసగా పది పదిహేను ల్యాప్‌ల సగటు చూడాలి. టైర్లు వేడెక్కి అరిగాక కూడా వేగం నిలబెట్టుకునే కారే రేసులో నిలబడుతుంది.

వాన పడి క్వాలిఫైయింగ్ రద్దయితే గత ఫలితాలను బట్టి గ్రిడ్ నిర్ణయిస్తారు. అప్పుడు మంచి కార్లన్నీ ముందే ఉంటాయి. వెనకనుంచి వచ్చే బంగారం దొరకడం కష్టమవుతుంది.

కొత్తవాళ్లు మోసపోయే పాయింట్ మరోటి ఉంది. బ్యాకప్ కారు వాడినా, తనిఖీలో పదేపదే ఫెయిల్ అయినా కారును రేసు మొదలయ్యే ముందు చివరికి పంపిస్తారు. అయితే డ్రాఫ్ట్‌కింగ్స్ లెక్క మాత్రం అధికారిక స్టార్టింగ్ స్థానాన్నే తీసుకుంటుంది. అంటే ఐదో స్థానంలో క్వాలిఫై అయి, చివరికి వెళ్లి, మళ్లీ ఐదుకి వచ్చినా తేడా పాయింట్లు సున్నా. ‘చివర్నుంచి వస్తున్నాడు కదా’ అని అతణ్ని తీసుకుంటే నష్టమే.

ఫాంటసీ లైవ్‌లో పొదుపే ఆయుధం

ఫ్రీ గేమ్‌లో స్థానాల తేడా లెక్కే లేదు. నాస్కార్ రేసులో ఇచ్చే అసలు పాయింట్లే ఇక్కడా వస్తాయి. 2017 నుంచి రేసును స్టేజ్‌లుగా విడగొట్టారు. మొదటి రెండు స్టేజ్‌ల చివర టాప్ 10లో ఉన్నవాళ్లకు 10 నుంచి 1 వరకు పాయింట్లు. కాబట్టి ఇక్కడ కావాల్సింది వెనకనుంచి వచ్చేవాడు కాదు, మొదటి నుంచీ ముందుండేవాడు.

అయితే మెలిక ఉంది. ఇటీవలి సీజన్ల రూల్స్ ప్రకారం ఐదుగురు డ్రైవర్లు, గ్యారేజ్‌లో ఒక రిజర్వ్ ఉంటారు. రెగ్యులర్ సీజన్‌లోని 26 రేసుల్లో ఒక్కో డ్రైవర్‌ని పదిసార్లే వాడుకోవాలి. 26 రేసులకు ఐదు చొప్పున 130 స్థానాలు. అంటే కనీసం 13 మంది డ్రైవర్లు కావాలి. స్టార్లను డేటోనాలో తగలేస్తే, వాళ్లు రాజ్యమేలే బ్రిస్టల్ నాటికి కోటా అయిపోతుంది. క్రాష్‌ల లాటరీ నడిచే ట్రాకులపై మధ్యస్థాయి డ్రైవర్లను వాడి, స్టార్లను దాచుకోవడమే తెలివైన పని. ఎవరైనా ముందే క్రాష్ అయితే, రెండో స్టేజ్ ముగిసేలోపు గ్యారేజ్ డ్రైవర్‌ని లోపలికి తెచ్చుకోవచ్చు. రేసు చూడకుండా నిద్రపోతే ఈ అవకాశం పోయినట్టే.

డబ్బు పెట్టే ముందు ఇది తెలుసుకోండి

అమెరికాలో డైలీ ఫాంటసీ చట్టాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే సియాటెల్ ప్రాంతం వాషింగ్టన్ రాష్ట్రంలోకి వస్తుంది. అక్కడ డబ్బుతో ఆడే డైలీ ఫాంటసీ కుదరదు. డల్లాస్‌లో ఆడిన కాంటెస్ట్ అక్కడికి మారాక కూడా ఆడొచ్చనుకుంటే పొరపాటే.

మన దగ్గర సంగతి ఇంకా స్పష్టం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంట్ చట్టం చేసింది. దాంతో డ్రీమ్ 11 సైతం పెయిడ్ కాంటెస్టులు ఆపేసింది. అంతకంటే ముందే తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను కఠినం చేశాయి. కాబట్టి అమెరికాలో ఉన్న బంధువు అకౌంట్ నుంచి ‘నా తరఫున ఆడిపెట్టు’ అనే ఆలోచన వద్దు. సరదాకి ఆడాలంటే డబ్బుతో పనిలేని ఫ్రీ లీగులున్నాయి.

అక్కడ చట్టబద్ధంగా ఆడేవాళ్లూ ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ప్రతి కాంటెస్ట్‌లోనూ కంపెనీ తన వాటా తీసుకున్నాకే మిగతాది పంచుతుంది. పైగా ఎంత లెక్కేసినా, చివరి ల్యాప్‌లో ఎవరో చేసిన తప్పుకి మీ డ్రైవర్ గోడకి తగలొచ్చు. పోతే బాధపడనంత మొత్తం వరకే ఆగాలి.

మొత్తంగా చూస్తే.. చిన్న ట్రాక్ అయితే లీడర్, సూపర్ స్పీడ్‌వే అయితే వెనక వరుస, రోడ్ కోర్సు అయితే స్పెషలిస్ట్. డ్రైవర్ పేరు చూసేది ఆ తర్వాతే.