పులికాట్ తీర ప్రాంతపు పికప్ వాహనాలకు ఇంజిన్ ఆయిల్ ఎంపిక: సింథటిక్, సంప్రదాయ నూనెల తులనాత్మక పరిశీలన

పులికాట్ సరస్సు దేశంలో చిలికా తర్వాత రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు. దాని పడమటి గట్టున ఉన్న సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం మండలాల నుంచి ధాన్యం, కూరగాయలు, చేపలు, రొయ్యలు, పీతలు మార్కెట్టుకు చేరడంలో చిన్న పికప్ వాహనాల పాత్ర ఎంతో ఉంది. సూళ్లూరుపేట నుంచి చెన్నై సుమారు 80 కిలోమీటర్లు. తెల్లవారుజామున ఐసులో సర్దిన చేపల పెట్టెలతో జాతీయ రహదారి ఎక్కిన బండి నడిదారిలో ఆగిపోతే, యజమానికి కలిగే నష్టం మరమ్మతు ఖర్చుతో ముగియదు. ఐసు కరిగేకొద్దీ సరుకు ధర కూడా కరిగిపోతుంది. ఇంజిన్ ఆరోగ్యం ఇక్కడ కుటుంబ ఆదాయానికి సంబంధించిన విషయం.

ఆయిల్ మార్పిడి సమయంలో యజమానికి తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: రెట్టింపు ధర పెట్టి సింథటిక్ ఆయిల్ పోయించాలా, లేక సంప్రదాయ మినరల్ ఆయిల్ సరిపోతుందా? ఈ ప్రశ్నకు సరైన సమాధానం రావాలంటే ముందు ప్రశ్నల క్రమాన్ని మార్చాలి. వాహనానికి తయారీదారు నిర్దేశించిన ప్రమాణం ఏది అన్నది మొదటి ప్రశ్న. వాహనం చేసే పనిని బట్టి ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి అన్నది రెండవది. సింథటికా, మినరలా అన్నది మూడవ ప్రశ్న మాత్రమే.

రెండు నూనెల మధ్య తేడా

ఇంజిన్ ఆయిల్‌లో అధిక భాగం మూల తైలం. మిగిలినది సంకలిత పదార్థాలు. మసిని విడివిడిగా తేలేటట్లు ఉంచడం, ఆమ్లాలను తటస్థం చేయడం, అరుగుదలను నివారించడం సంకలితాల పని. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అనగా ఏ.పి.ఐ., మూల తైలాలను 5 వర్గాలుగా విభజించింది. మొదటి రెండు వర్గాలు ముడిచమురును శుద్ధి చేయగా వచ్చేవి. వీటినే సంప్రదాయ నూనెలుగా వ్యవహరిస్తారు. మూడవ వర్గం కూడా ముడిచమురు నుంచే వస్తుంది, కానీ అధిక పీడనం వద్ద హైడ్రోజన్‌తో చర్య జరిపి దాని అణునిర్మాణాన్ని చాలావరకు మారుస్తారు. నాల్గవ వర్గంలోని పాలీ ఆల్ఫా ఒలిఫిన్లు చిన్న అణువులను కలిపి రసాయనికంగా నిర్మించినవి. ఎస్టర్లు మొదలైనవి ఐదవ వర్గం.

'సింథటిక్' అన్న మాట ఒకప్పుడు నాల్గవ, ఐదవ వర్గాలకే పరిమితం. 1999లో అమెరికాలో రెండు చమురు సంస్థల మధ్య వచ్చిన ప్రకటనల వివాదంలో మూడవ వర్గాన్ని కూడా ఆ పేరుతో అమ్మవచ్చని నేషనల్ అడ్వర్టైజింగ్ డివిజన్ అభిప్రాయపడింది. ఆ తర్వాత మూడవ వర్గపు నూనెలు ఆ పేరుతో విస్తారంగా అమ్మకానికి వచ్చాయి. కావున డబ్బా మీద ఉన్న 'సింథటిక్' అన్న మాట ఒక్కటే నూనె సామర్థ్యాన్ని తెలియజేయదు.

అయినా వాస్తవమైన తేడాలు లేకపోలేదు. ఉష్ణోగ్రత మారినప్పుడు చిక్కదనం ఎంత నిలకడగా ఉంటుందో తెలిపే స్నిగ్ధతా సూచిక మొదటి రెండు వర్గాల్లో 80 నుంచి 119 వరకు, మూడవ వర్గంలో 120 లేదా అంతకు మించి ఉంటుంది. సింథటిక్ నూనె వేడికి త్వరగా ఆక్సీకరణం చెందదు, తక్కువగా ఆవిరవుతుంది, శీతల వాతావరణంలో సులభంగా ప్రవహిస్తుంది. ఈ మూడు గుణాల్లో పులికాట్ తీరానికి అక్కరకు వచ్చేవి ఏవి అన్నదే పరిశీలించవలసిన విషయం.

డబ్బా మీది అంకెలు

'15డబ్ల్యూ-40' అన్న గుర్తులో మొదటి భాగం చలిలో ప్రవర్తనను, రెండవ భాగం 100 డిగ్రీల సెల్సియస్ వద్ద చిక్కదనాన్ని తెలుపుతుంది. 15డబ్ల్యూ నూనెను ఇంజిన్ తిప్పే పరీక్షకు మైనస్ 20 డిగ్రీల వద్ద, 5డబ్ల్యూ నూనెను మైనస్ 30 డిగ్రీల వద్ద పరీక్షిస్తారు. చలికాలపు రాత్రి సైతం గడ్డకట్టే చలి ఎరుగని సూళ్లూరుపేటలో ఈ తేడాకు విలువ స్వల్పం. శీతల దేశాల్లో సింథటిక్ నూనెకు పేరు తెచ్చిన ప్రధాన గుణానికి ఇక్కడ పెద్దగా పని లేదు.

మరొక గుర్తు ఏ.పి.ఐ. సేవా శ్రేణి. డీజిల్ నూనెల్లో సి.ఐ-4 శ్రేణి 2002లోను, సి.కె-4 శ్రేణి 2016 చివరలోను వచ్చాయి. నిర్దేశిత శ్రేణికి తగిన మినరల్ ఆయిల్, ఆ శ్రేణికి తగని సింథటిక్ ఆయిల్ కంటే ఇంజిన్‌కు మేలు చేస్తుంది. విస్తరణ సిబ్బంది యజమానులకు ముందుగా నేర్పవలసిన పాఠం ఇదే.

పులికాట్ పరిస్థితుల ప్రభావం

తయారీదారులు సాధారణ వినియోగానికి, కఠిన వినియోగానికి వేర్వేరు మార్పిడి గడువులు సూచిస్తారు. పూర్తి బరువుతో ప్రయాణం, ఇంజిన్ పూర్తిగా వేడెక్కని చిన్న దూరాలు, ఆగి ఉండగానే ఎక్కువసేపు ఇంజిన్ నడపడం, దుమ్ము, అధిక ఉష్ణోగ్రత కఠిన వినియోగపు లక్షణాలు. తీర గ్రామాల బండ్లకు ఇవి చాలావరకు వర్తిస్తాయి.

మొదటిది వేడి. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడు ఆక్సీకరణ వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది రసాయన శాస్త్రంలో స్థూల సూత్రం. నిండు బరువుతో మే నెల మధ్యాహ్నం గంటల తరబడి రహదారిపై నడిచే బండికి సింథటిక్ నూనె నిలకడ నిజంగా ఉపయోగపడుతుంది.

రెండవది తేమ. గట్టు నుంచి ఊరికి నాలుగైదు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండిలో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. లోపల ఏర్పడిన నీటి ఆవిరి బయటకు పోక నూనెలో చేరుతుంది. ఈ నీటిని తొలగించే శక్తి సింథటిక్ నూనెకు ప్రత్యేకంగా లేదు; సకాలంలో మార్చడమే మార్గం.

మూడవది దుమ్ము. పులికాట్ లోతు తక్కువ. ఈశాన్య రుతుపవనాల్లో నిండే సరస్సు ఉత్తర భాగం వేసవిలో ఎండిపోయి, ఇసుక, ఉప్పు కలిసిన దుమ్ము గాలికి లేస్తుంది. గాలి ఫిల్టర్‌ను దాటి లోపలికి చేరిన ఇసుక రేణువు పిస్టన్ రింగులను అరగదీస్తుంది. దీనిని ఏ మూల తైలమూ ఆపలేదు. ఖరీదైన ఆయిల్ పోయించి గాలి ఫిల్టర్‌ను పట్టించుకోని యజమాని ఖర్చు వృథా.

నాల్గవది మసి. డీజిల్ ఇంజిన్‌లో ఆయిల్ కొద్ది రోజుల్లోనే నల్లబడుతుంది. ఇది ఆయిల్ చెడిపోయిందనడానికి గుర్తు కాదు. మసిని పేరుకోనీయకుండా సంకలితాలు పనిచేస్తున్నాయని అర్థం. అయితే సంకలితాల శక్తికి హద్దు ఉంది. మూల తైలం చెక్కుచెదరకపోయినా సంకలితాలు తరిగిపోతే ఆయిల్ మార్చక తప్పదు.

వాహనం ఏ తరానిది?

భారత్ స్టేజ్-6 ప్రమాణాలు 2020 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. ఈ తేదీకి ముందరి, తరువాతి పికప్ వాహనాలకు ఒకే సలహా ఇవ్వడం పొరపాటు.

బి.ఎస్.-6 డీజిల్ వాహనాల్లో పొగగొట్టపు మార్గంలో మసిని పట్టే డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్ సాధారణంగా ఉంటుంది. అందులో చేరిన మసి అధిక వేడికి కాలిపోతుంది. కానీ ఆయిల్‌లోని లోహ సంకలితాలు కాలగా మిగిలే బూడిద కాలదు. అది ఫిల్టర్‌ను క్రమంగా మూసివేస్తుంది. అందువల్ల ఈ వాహనాలకు బూడిద తక్కువగా ఉండే నూనె తప్పనిసరి. సి.కె-4 శ్రేణిలో సల్ఫేటెడ్ బూడిద 1.0 శాతానికి మించరాదు. ఐరోపా ప్రమాణాల్లో సి2, సి3 వంటి శ్రేణులు ఈ కోవకు చెందినవి. వాహన పుస్తకం వీటిలో దేనిని కోరితే దానినే వాడాలి. ఇటువంటి నూనెలు ఎక్కువగా సింథటిక్ లేదా మిశ్రమ తరగతికి చెంది ఉంటాయి. ఇక్కడ యజమాని సింథటిక్‌ను ఎంచుకోవడం లేదు, ప్రమాణాన్ని పాటిస్తున్నాడు.

ఈ వాహనాల్లో మరొక జాగ్రత్త ఉంది. మసిని కాల్చడానికి పలు ఇంజిన్లు కొంత డీజిల్‌ను అదనంగా చిమ్ముతాయి. చిన్న దూరాల వల్ల ఆ ప్రక్రియ మాటిమాటికి మధ్యలో ఆగిపోతే, కాలని డీజిల్ సిలిండర్ గోడల వెంట దిగి ఆయిల్‌లో కలుస్తుంది. అప్పుడు డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గడానికి బదులు పెరుగుతుంది. 'ఆయిల్ తగ్గలేదు' అని సంతోషించవలసిన సందర్భం కాదది. చిక్కదనం కోల్పోయిన ఆయిల్‌తో బేరింగులు అరుగుతున్నాయన్న హెచ్చరిక.

ఫిల్టర్ లేని పాత బండ్ల విషయం వేరు. వాహన పుస్తకం 15డబ్ల్యూ-40 సి.ఐ-4 ఆయిల్‌ను అనుమతిస్తే, నాణ్యమైన మినరల్ ఆయిల్‌ను గడువు తప్పక మార్చడం సరిపోతుంది. సి.కె-4 ఆయిల్ కూడా ఇటువంటి వాటిలో వాడవచ్చు. ఏళ్ల తరబడి మడ్డి పేరుకున్న ఇంజిన్‌లో సింథటిక్ పోసినప్పుడు, మడ్డి కరిగి అప్పటికే పగిలిన సీళ్ల నుంచి కారుడు బయటపడవచ్చు. ఆ లోపం సీలుది, ఆయిల్‌ది కాదు.

ఖర్చు లెక్క

లీటరు ధరలను పోల్చడం కంటే వెయ్యి కిలోమీటర్లకు అయ్యే ఖర్చును పోల్చడం సరైన పద్ధతి. ఆయిల్, ఫిల్టర్, కూలి మొత్తాన్ని మార్పిడి గడువుతో భాగించి వెయ్యితో గుణిస్తే ఆ ఖర్చు వస్తుంది. లెక్క సులువు కోసం ఈ అంకెలు అనుకుందాం: 5 లీటర్ల ఇంజిన్, మినరల్ ఆయిల్ లీటరు 300 రూపాయలు, సింథటిక్ 700 రూపాయలు, ఫిల్టరు, కూలి కలిపి 500 రూపాయలు. మినరల్ మార్పిడికి 2,000, సింథటిక్ మార్పిడికి 4,000 రూపాయలు అవుతాయి.

రెండింటినీ 7,500 కిలోమీటర్లకే మారిస్తే వెయ్యి కిలోమీటర్లకు మినరల్ ఖర్చు 267, సింథటిక్ ఖర్చు 533 రూపాయలు. సింథటిక్ గడువు 15,000 కిలోమీటర్లయితే రెండూ సమానం. అంతకు మించితేనే సింథటిక్ చౌక. అయితే ఆ గడువు పెంపును తయారీదారు అనుమతించాలి. డబ్బా మీది ప్రకటనను నమ్మి గడువు పెంచరాదు.

ఇంధన పొదుపు ఈ తేడాను పూడ్చగలదా? నెలకు 3,000 కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకు 12 కిలోమీటర్లు ఇస్తే 250 లీటర్ల డీజిల్ కావాలి. లీటరు 95 రూపాయలనుకుంటే అది 23,750 రూపాయలు. పలుచని నూనె వల్ల 2 శాతం ఆదా అయిందనుకున్నా 475 రూపాయలే. ఒకే గడువులో మార్చినప్పుడు సింథటిక్ నెలకు మోపే అదనపు భారం 800 రూపాయలు. స్థానిక ధరలతో ఈ లెక్కను యజమాని చేతనే చేయించడం శిక్షణా తరగతుల్లో మంచి అభ్యాసం.

పాత ఆయిల్, సరస్సు

గడువు తగ్గేకొద్దీ పాత ఆయిల్ పరిమాణం పెరుగుతుందన్నది మరవరాదు. వాడిన ఆయిల్‌లో లోహ కణాలు, హానికర హైడ్రోకార్బన్లు ఉంటాయి. అది నీటిపై పలుచని పొరగా వ్యాపించి, ప్రాణవాయువు నీటిలో కరగడానికి అడ్డుపడుతుంది. రొయ్య పిల్లకూ, చేప గుడ్డుకూ, వాటిపై ఆధారపడే రాజహంసలకూ, గూడబాతులకూ అది ముప్పు. చెక్కకు చెద పట్టకుండా పాత ఆయిల్ పూసే అలవాటు తీర గ్రామాల్లో, ముఖ్యంగా పడవల విషయంలో, మానదగినది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. దానిని మూత ఉన్న డబ్బాలో భద్రపరచి, అనుమతి పొందిన సేకరణదారుకే అప్పగించాలి.

విస్తరణ సిబ్బందికి సూచనలు

సలహా ఇచ్చే ముందు వాహనం తయారైన సంవత్సరం, వాహన పుస్తకంలోని ఏ.పి.ఐ. లేదా ఐరోపా శ్రేణి, చిక్కదనపు గుర్తు, నెలవారీ దూరం, ప్రయాణాల తీరు తెలుసుకోవాలి. బి.ఎస్.-6 వాహనానికి తక్కువ బూడిద గల నిర్దేశిత ఆయిల్‌నే సూచించాలి. చిన్న దూరాలు తిరిగే పాత బండికి మినరల్ ఆయిల్, కఠిన వినియోగపు గడువు చాలు. నిత్యం నిండు బరువుతో దూర ప్రయాణం చేసే బండికి, పొడిగించిన గడువును తయారీదారు అంగీకరిస్తే సింథటిక్ లాభదాయకం. దారిలో ఆయిల్ తక్కువైతే అదే శ్రేణికి చెందిన వేరొక రకాన్ని కలపడం వల్ల ప్రమాదం లేదు. తక్కువ ఆయిల్‌తో బండి నడపడమే ప్రమాదం. తుపాను సమయంలో ముంపు నీటిలో నడిచిన బండి ఆయిల్ పాలవలె తెల్లబడితే, గడువుతో నిమిత్తం లేకుండా వెంటనే మార్పించాలి.

వారానికి ఒకసారి సమతల నేలపై, ఇంజిన్ ఆపిన కొద్దిసేపటికి డిప్‌స్టిక్ చూడడం, గాలి ఫిల్టర్ శుభ్రంగా ఉంచడం, మార్చిన తేదీనీ కిలోమీటర్లనూ పుస్తకంలో రాసుకోవడం ఖర్చు లేని పనులు. ఈ మూడింటినీ పాటించే యజమాని పోయించిన మినరల్ ఆయిల్, పాటించని యజమాని పోయించిన సింథటిక్ ఆయిల్ కంటే ఇంజిన్‌ను ఎక్కువ కాలం కాపాడుతుంది.