రీల్స్ తీయడం వచ్చు కదా.. మళ్లీ యూనివర్సిటీకి వెళ్లడం దేనికి? న్యూ మీడియా కోర్సులో నేర్పేది ఇదీ..

చాపాడు (వైఎస్సార్ కడప జిల్లా): కుందూ నది పొంగిందంటే చాలు.. చాపాడు మండలంలో ఫోన్లు మోగుతూనే ఉంటాయి. వాట్సాప్ గ్రూపుల్లో వరద వీడియోలు వరుసకడతాయి. అందులో ఈ ఉదయం తీసింది ఏది? 2021 నవంబర్‌లో కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలినప్పటిది ఏది? అసలు మన జిల్లాదే కానిది ఏది? చూసేవాళ్లకు తెలియదు. పంపినవాళ్లకూ తెలియదు. పాత వీడియో చూసి రోడ్డు తెగిందనుకుని ఆస్పత్రికి వెళ్లాల్సిన మనిషి ఇంట్లోనే ఆగిపోవచ్చు. లేదంటే నీళ్లు తగ్గాయనుకుని బండి దింపేయొచ్చు.

వీడియో తీయడానికి డిగ్రీ అక్కర్లేదు. నిజమే. ఆ వీడియో జనంలోకి వెళ్లాక ఏం చేస్తుందో తెలుసుకోవడానికి మాత్రం చదువు ఉంది. దాని పేరే న్యూ మీడియా.

ఇంటర్ అయిపోయిన పిల్లలున్న ఇళ్లలో ఇప్పుడు ఇదే పంచాయితీ. చాపాడు మండలం పల్లవోలులోనే చైతన్య భారతి ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. బీటెక్ అంటే ఎవరూ కాదనరు. అదే మీడియా కోర్సు అంటే.. ‘ఫోన్లో చేస్తానే ఉండావు కదరా, దానికి మళ్లా ఫీజు కట్టల్లనా?’ అనే మాట వస్తుంది. కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదిది.

కొత్తది అంటే ఏది కొత్త?

1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు సైట్ అనే ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం సాయంతో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందించారు. ఊరంతా ఒకే పెట్టె ముందు కూర్చున్నారు. అప్పటికి అదే న్యూ మీడియా! ఇప్పుడు ఊళ్లో ఎంతమంది ఉంటే అన్ని తెరలు. పైగా చూసేవాడే తీస్తాడు, పంచుతాడు, కామెంట్ పెడతాడు. ఎవరికి ఏది చూపించాలో అల్గారిదం తేలుస్తుంది. కోర్సులో మొదట అర్థం చేసుకోవాల్సిన తేడా ఇదే.

కెమెరా క్లాసులో..

ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద వీడియో తీస్తే తెర మీద నల్లటి చారలు కదలడం మీరూ చూసే ఉంటారు. ఫోన్ పాడైందని అనుకుంటారు చాలామంది. కారణం వేరే. మన కరెంటు 50 హెర్ట్జ్. ఆ లైటు సెకనుకు 100 సార్లు మిణుకుమంటుంది. కెమెరా షట్టర్ దానికి పొంతన లేకుండా 1/60 సెకను మీద ఉంటే చారలు వస్తాయి. 1/50 లేదా 1/100 పెడితే చాలా వరకు పోతాయి. ఇది ట్రిక్ కాదు, లెక్క. ఇలాంటి లెక్కలు సౌండ్‌లో ఇంకా ఎక్కువ. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం చూస్తారు.. మాట వినపడకపోతే మాత్రం వేలితో పైకి తోసేస్తారు.

ఫ్రేమ్ సంగతికి వస్తే.. సెంటర్‌లో ముప్పై మంది గుమిగూడారనుకోండి. ఫోన్ నిలువుగా పట్టుకుని దగ్గరి నుంచి తీస్తే తెర నిండా జనమే. ఊరంతా కదిలొచ్చినట్టు ఉంటుంది. మేడ మీది నుంచి అడ్డంగా తీస్తే చుట్టూ ఖాళీ రోడ్డు కనిపిస్తుంది. రెండింట్లోనూ ఉన్నది నిజమే. ఏది ఎంచుకున్నావు, ఎందుకు? ప్రొడక్షన్ ఆగి, థియరీ మొదలయ్యేది ఇక్కడే.

థియరీ అంటే నిద్రొచ్చే క్లాసేనా?

చెప్పేవాళ్లను బట్టి ఉంటుంది లెండి. అయితే విషయం మాత్రం మన చుట్టూ ఉన్నదే. సుమారు వందేళ్ల కిందట రష్యాలో కులెషోవ్ అనే దర్శకుడు ఒకే ముఖం షాట్‌ను వేర్వేరు షాట్ల పక్కన పెట్టి చూపించాడు. ముఖం మారలేదు.. చూసినవాళ్లకు మాత్రం అందులో వేర్వేరు భావాలు కనిపించాయట. నేటి ట్రోల్ వీడియోల కిటుకు అదే.

1973లో స్టువర్ట్ హాల్ అనే పండితుడు ఇంకో మాట చెప్పాడు. పంపినవాడు అనుకున్న అర్థమే చూసేవాడికి చేరుతుందన్న గ్యారంటీ లేదని. ‘ఉల్లి ధర పెరిగింది’ అనే వార్తనే తీసుకోండి. మైదుకూరు వైపు ఉల్లి రైతుకు అది పండగ. హైదరాబాద్‌లో కిలో కొనే ఇల్లాలికి తలనొప్పి. మరి థంబ్‌నెయిల్ మీద ఏడుపు ముఖం పెట్టాలా, నవ్వు ముఖమా?

వరద వీడియోకూ ఇక్కడే మందు దొరుకుతుంది. బోర్డు మీద భాష ఏది, బస్సు ఏ రాష్ట్రానిది, నీడలు ఎటు పడుతున్నాయి, ఆ బొమ్మ ఇంతకుముందే నెట్‌లో ఉందా.. వెరిఫికేషన్ క్లాసులో వీటినే చేత చేయిస్తారు.

తప్పించుకోకూడని పేపర్ మరొకటి.. మీడియా చట్టాలు. లైంగిక దాడి బాధితుల వివరాలు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద జైలు శిక్ష పడొచ్చు. బాధితులు పిల్లలైతే పోక్సో చట్టం కూడా ఉంది. ‘నాకు తెలియదు’ అంటే కుదరదు. డిజిటల్ వార్తలకు 2021 ఐటీ నిబంధనలూ వచ్చాయి. లైకుల తొందరలో ముఖాలు చూపించేసేవాళ్లు ఈ ఒక్క పేపర్ చదివినా చాలనిపిస్తుంది.

ఎక్కడ చదవొచ్చు?

మైదుకూరు మీదుగా బస్సెక్కితే కడప. 2006లో ఏర్పడిన యోగి వేమన యూనివర్సిటీలో జర్నలిజం విభాగం ఉంది. పీజీ అడ్మిషన్లు ఏపీ పీజీసెట్ ద్వారా జరుగుతాయి. కడపలోనే 2020లో వచ్చిన డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో యానిమేషన్, ఫొటోగ్రఫీ లాంటి బీఎఫ్ఏ కోర్సులున్నాయి. దీనికి ఏడీసెట్ రాయాలి. అమ్మాయిలకు తిరుపతి పద్మావతి మహిళా యూనివర్సిటీలో కమ్యూనికేషన్, జర్నలిజం విభాగం ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని సరోజినీ నాయుడు స్కూల్‌లో అయితే ఎంఏ కమ్యూనికేషన్‌లో మీడియా స్టడీస్, మీడియా ప్రాక్టీస్ అని రెండు దారులు పెట్టారు. బోల్ హైదరాబాద్ అనే కమ్యూనిటీ రేడియో కూడా ఆ క్యాంపస్‌లోనే ఉంది.

పీజీకి సాధారణంగా ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. కాబట్టి పల్లవోలులో బీటెక్ చేసి కూడా ఇటు రావొచ్చు. ఇంట్లో గొడవ సగం తగ్గుతుంది! నోటిఫికేషన్‌లో అర్హత మాత్రం ఒకసారి చూసుకోండి.

ఫీజు కట్టే ముందు క్యాంపస్‌కు వెళ్లి సీనియర్లను అడగండి. కెమెరాలు విద్యార్థుల చేతికి ఇస్తారా, బీరువాలో తాళం వేసి ఉంచుతారా? ఎడిటింగ్ సిస్టం మీద వారానికి ఎన్ని గంటలు దొరుకుతుంది? పోయినేడాది బ్యాచ్ తీసిన వీడియోలు చూపించగలరా? ఒక్క సాఫ్ట్‌వేర్ మాత్రమే నేర్పే కోర్సు అయితే ఆలోచించండి.. రెండేళ్లకు కొత్త యాప్ వస్తుంది. నోట్స్ డిక్టేషన్ తప్ప మరేమీ లేదంటే దానికి కూడా దూరంగా ఉండండి.