బుల్లితెర యాంకర్: మాటే పెట్టుబడి

టీవీలో ఆటల కార్యక్రమం వస్తే మనం ఆడేవాళ్లనూ, గెలిచిన బహుమతులనూ చూస్తాం. ఆట నడిపే యాంకర్‌ది మాత్రం నవ్వుతూ నాలుగు మాటలు చెప్పే సులువైన పని అనుకుంటాం. ఆ పనిలో మనం నేర్చుకోదగ్గది చాలా ఉంది.

తెలుగు యాంకర్ అనగానే మనకు ముందుగా గుర్తొచ్చే పేరు సుమ కనకాల. ఆమె మాతృభాష తెలుగు కాదు, మలయాళం. కేరళ కుటుంబంలో పుట్టి, జంటనగరాల్లో పెరిగి, తెలుగు నేర్చుకున్నారు. మొదట దూరదర్శన్ సీరియళ్లలో నటించారు. 1996లో దాసరి నారాయణరావు దర్శకత్వంలో 'కళ్యాణ ప్రాప్తిరస్తు'లో కథానాయిక అయ్యారు. అయితే ఆమెను ఇంటింటికీ దగ్గర చేసింది మైకే. మహిళల కోసం ఈటీవీలో వచ్చిన 'స్టార్ మహిళ' ఆటను ఏళ్ల తరబడి నడిపారు. అది రెండు వేల ఎపిసోడ్లు దాటింది. 2022లో 'జయమ్మ పంచాయితీ'తో మళ్లీ వెండితెరపై ప్రధాన పాత్ర పోషించారు.

ఇంతకీ యాంకర్ చేసే పనేమిటి? ఆట నియమాన్ని రెండు ముక్కల్లో అర్థమయ్యేలా చెప్పాలి. కెమెరా చూసి బిగుసుకుపోయిన మనిషిని ఊరు, పేరు అడిగి మామూలు మనిషిని చేయాలి. గడియారం మీద ఒక కన్నుండాలి, డైరెక్టర్ సూచనలకు ఒక చెవి ఇవ్వాలి. ఓడినవారు చిన్నబుచ్చుకోకుండా పంపాలి. 2000లో అమితాబ్ బచ్చన్ 'కౌన్ బనేగా కరోడ్‌పతి'లోనూ, 2014లో నాగార్జున 'మీలో ఎవరు కోటీశ్వరుడు'లోనూ ప్రశ్నకూ జవాబుకూ మధ్య మౌనాన్ని కూడా వాడుకున్నారు. అంటే మాట్లాడటం కన్నా ముందు వినడం రావాలన్నమాట.

మనలో చాలామందిమి పల్లెల నుంచి వచ్చాం. యాస చూసి ఎవరైనా నవ్వితే మాట మింగేస్తాం. జవాబు తెలిసినా క్లాసులో లేవం. ఇంటర్వ్యూలో గొంతు పెగలదు. చదువుకున్న చదువంతా నోట్లోనే ఆగిపోతుంది. తెలుగు ఇంటి భాష కాని మనిషే సాధనతో తెలుగువారికి ఇంటిమనిషి అయినప్పుడు, మన భాషలో మాట్లాడటానికి మనకెందుకు బెరుకు?

సాధనకు చోటు కూడా మన చుట్టూనే ఉంది. అశోక్‌నగర్‌లో నగర కేంద్ర గ్రంథాలయం ఉంది. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో సభలు జరుగుతూనే ఉంటాయి. వెనక వరుసలో కూర్చుని, సభ నడిపేవారు ఎలా మొదలుపెడుతున్నారో, ఎక్కడ ఆగుతున్నారో గమనిద్దాం. నారాయణగూడ నుంచి నడిచివెళ్లినా చేరే దూరమే. రోజూ ఒక వార్తను గదిలో పైకి చదువుదాం.

ఏటా వార్షికోత్సవంలో మైకు అలవాటైన ఒకరిద్దరి చేతుల్లోనే ఉంటోంది. ఈసారి ఆటల పోటీల ప్రకటనలు ఇప్పటిదాకా స్టేజీ ఎక్కని తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇద్దాం. తడబడితే చప్పట్లు కొడదాం.