మూకీ మార్జాలము: ఫెలిక్స్ చిత్రములలో హాస్యము పుట్టు తీరు

తోలుబొమ్మలాటయు, పటము కథయు నేటి కార్టూను చిత్రములకు పూర్వరూపములని మనవారు తరచుగా వ్రాయుచుందురు. తెరమీదనో గుడ్డమీదనో బొమ్మ యుండుట, దానిని చూపి కథ నడపుట, చూచువారు నవ్వుట అను మూడు పోలికలనుబట్టి ఏర్పడిన అభిప్రాయమిది. పోలికలు లేవని నేననను. కాని నవ్వు ఎచ్చట పుట్టుచున్నదో పరిశీలించినచో ఈ బంధుత్వము అంత సులభముగా కుదరదు. కార్టూను బొమ్మ మాటలాడ నేర్వక పూర్వము, అనగా మూకీ చిత్రముల కాలమున, అమెరికాలో ప్రసిద్ధి కెక్కిన ఫెలిక్స్ అను పిల్లి చిత్రములను ముందుంచుకొని ఈ విషయమును విచారింతము.

మొదట మన యింటి సంగతి. గోదావరి యొడ్డునగల చెన్నూరు మొదలుకొని సిరిసిల్ల వరకు, పూర్వపు ఆదిలాబాదు, కరీంనగరు జిల్లాలతో గూడిన ఉత్తర తెలంగాణము పటము కథకు పరిచితమైన నేల. కాకిపడగలవారు ముదిరాజులకును, కూనపులివారు పద్మశాలీలకును, గౌడజెట్టివారు గౌడులకును, మందహెచ్చులవారు గొల్లలకును ఆయా కులపురాణములను వినిపింతురు. నకాషీ చిత్రకారులు వ్రాసిన పొడవైన గుడ్డను వ్రేలాడగట్టి, ఒక్కొక్క అంకణమును విప్పుచు, చూపుచు, పాడుచు, మాటలాడుచు కథ నడపుదురు. పేరులోనే పులి యున్న కూనపులివారి కథలో భావనాఋషికి పెద్దపులి వాహనము. పటముమీది ఆ పులి యెన్నడును కదలదు. దానిని గాండ్రింపజేయువాడు ప్రక్కన నిలిచిన కథకుడు. ఆతని కంఠము ఆగినచో పులి గుడ్డమీది రంగుగానే మిగులును.

తోలుబొమ్మ కదలును, నిజమే. దాని చేయి ఆడును, తల ఊగును. కాని జుట్టుపోలిగాడును బంగారక్కయు తెరమీదికి వచ్చినప్పుడు లేచు నవ్వులో అధికభాగము వారి తిట్లది, వెక్కిరింతలది, ద్వ్యర్థములైన మాటలది. చెవులు మూసికొని చూచినవానికి ఆ నవ్వులో సగమైనను దక్కదు. నాట్యశాస్త్ర పరిభాషలో చెప్పవలెనన్న, ఈ రెండు కళలయందును హాస్యమునకు వాచికము ప్రాణము. ఆంగికము దానికి తోడు.

ఇక పాశ్చాత్యుల సంగతి. కార్టూను జంతువులలో తొలుత స్వభావము గలదిగా పేరు గాంచినది విన్సర్ మెకే సృష్టించిన గెర్టీ అను డైనోసారు. 1914లో మెకే దీనిని నాటకశాలలలో ప్రదర్శించెను. తాను తెర ప్రక్కన నిలిచి, చేత కొరడా పట్టి, గెర్టీని పిలుచును. అది బండచాటునుండి తల యెత్తును. వంగి నమస్కరింపుమనును, వంగును. కోపించినచో చిన్నపిల్లవలె ఏడ్చును. చివరకాతడు తెరవెనుకకు పోవుటయు, బొమ్మయైన మెకే తెరమీద గెర్టీపై నెక్కి వెడలుటయు జరుగును. గెర్టీ ప్రదర్శనము మన పటము కథకు మిక్కిలి దగ్గరగా నున్నదని నా అభిప్రాయము. అక్కడను మాట మనుష్యునిది, రూపము బొమ్మది. భేదమొక్కటే: కూనపులి కథకుని పులి అతని మాటను వినదు, మెకే డైనోసారు విన్నట్లు నటించును. పూర్వరూపమనదగిన పోలిక ఏదైన నున్నచో అది ఇక్కడ ఉన్నది గాని, ఫెలిక్స్ వద్ద లేదు.

ఫెలిక్స్ తొలి చిత్రము ‘ఫిలైన్ ఫాలీస్’ 1919 నవంబరు 9వ తేదీన పారమౌంటు వారి చిత్రపత్రికలో భాగముగా వెలువడెను. అందులో ఈ పిల్లి పేరు ఇంకను మాస్టర్ టామ్. ఫెలిక్స్ అను పేరు తరువాత అదే సంవత్సరమున వచ్చినది. కథ కొద్దిపాటిది. టామ్ తన కాపలా విడిచి కిట్టీ అను తెల్లపిల్లి వద్దకు పోయి పాట పాడును. ఆ సమయమున ఎలుకలు ఇల్లు గుల్ల చేయగా యజమాని అతనిని తరిమివేయును. ప్రియురాలి వద్దకు పోగా అచ్చట పెద్ద పిల్లల మంద కనబడును. టామ్ గ్యాసు కర్మాగారమునకు పోయి ప్రాణము తీసికొనును. నవ్వుల చిత్రమునకు ఇట్టి ముగింపు మనకు వింతగా తోచును. అయినను ఈ చిత్రమున గమనింపదగిన ఘట్టమొకటి కలదు. టామ్ వాయించు వాద్యమునుండి సంగీత స్వరముల గుర్తులు గాలిలోనికి తేలివచ్చును. పిల్లులు ఆ గుర్తులను పట్టుకొని, బండ్లుగా చేసికొని, ఎక్కి తిరుగును. చెవికి వినరాని పాటను కంటికి తెలుపుటకై వ్రాసిన గుర్తు, మరుక్షణమున చక్రములు గల వస్తువయ్యెను. ఫెలిక్స్ హాస్యమునకు బీజమిదియే.

ఈ చిత్రములను ఎవరు చేసిరను విషయమున చిరకాలము వివాదము నడచినది. పేరు పాట్ సలివన్ అను ఆస్ట్రేలియా దేశీయునిది, శాల ఆతనిది. చిత్రించినవాడు ఆటో మెస్మర్. చిత్రములలో మెస్మర్ పేరు కానరాదు. 1916 ప్రాంతమున ఈ మెస్మర్ సలివన్ శాలలోనే చార్లీ చాప్లిన్ కార్టూన్లు గీసియుండెను. చాప్లిన్ తన ఛాయాచిత్రములను వారికి పంపుచుండెడివాడు. ఫెలిక్స్ నడకలో, భుజములు ఎగురవేయుటలో, ఆలోచించుచు ముందువెనుకలకు తిరుగుటలో ఆ అభ్యాసము స్పష్టముగా కనబడును. పిల్లి నల్లగా నుండుటకు కారణము మాత్రము కళాసంబంధమైనది కాదు. లోపల గీతలు లేక నిండు నలుపు పూసినచో పని తగ్గును, కదలికయు బాగుగా తెలియును. హాస్యరసమునకు తెలుపు వర్ణమని చెప్పిన భరతుడు ఈ నల్లపిల్లిని చూచి ఏమనియుండునో!

1923లో వచ్చిన ‘ఫెలిక్స్ ఇన్ హాలీవుడ్’ అను చిత్రమును కొంత వివరముగా పరిశీలింతము. ఫెలిక్స్ యజమాని పనిలేని నటుడు. హాలీవుడ్ పోవ కోరిక, చేత చిల్లిగవ్వ లేదు. డబ్బు తెమ్మని పిల్లిని పంపును. ఫెలిక్స్ ఒక చెప్పుల దుకాణమునకు పోవును. ఆ వర్తకుడు దివాలా తీయుటకు సిద్ధముగా నున్నాడు. కొనువారిని తెచ్చినచో 500 డాలర్లిత్తుననును. ఫెలిక్స్ చూయింగ్ గమ్ నమలి వీధి నిండ ఉమియును. నడచువారి చెప్పులు దానికి అంటుకొని ఊడి రావు. వారు చెప్పులను అచ్చటనే విడిచి దుకాణములోనికి పరుగెత్తుదురు. ఇంతవరకు జరిగినది యుక్తి. ఇట్టి హాస్యము మన తెనాలి రామకృష్ణుని కథలలోను కలదు, దానిని బొమ్మ లేకయే చెప్పవచ్చును. తరువాతి ఘట్టము అట్లు కాదు. యజమాని పిల్లిని వెంట తీసికొనిపోవుటకు ఒప్పుకొనడు. అప్పుడు ఫెలిక్స్ తన దేహమునే మడిచి నల్లని చేతిసంచిగా మారును. యజమాని ఆ సంచిని చేతబట్టుకొని బయలుదేరును. హాలీవుడ్ చేరిన పిమ్మట పని యడుగుటకై తోకను ఊడదీసి, చేతికర్రగా పట్టి, చాప్లిన్ వలె నడచి చూపును. చాప్లిన్ వచ్చి నా విద్యను దొంగిలించుచున్నావని కోపించును.

ఈ నింద ఒక విధమున నిజము. మెస్మర్ చాప్లిన్ వద్ద నేర్చినదానిని ఫెలిక్స్ చాప్లిన్ ఎదుటనే ప్రదర్శించుచున్నాడు. అనుకరణము హాస్యమునకు మూలమను మన ఆలంకారికుల మాటకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకుట కష్టము. కాని చాప్లిన్ చేతికర్ర చాప్లిన్ దేహములోనిది కాదు, ఆహార్యము. ఫెలిక్స్ చేతికర్ర అతని దేహమే. ఆంగికమునకును ఆహార్యమునకును నడుమ భరతుడు గీచిన గీత ఇచ్చట చెరిగిపోయినది. మనుష్య నటునికి సాధ్యము కానిది, గీతలతో చేసిన నటునికి మాత్రమే సాధ్యమైనది ఇదియే.

దీనికంటె సూక్ష్మమైన ఉదాహరణమును హంగేరీ దేశీయుడైన చలనచిత్ర సిద్ధాంతకారుడు బేలా బలాజ్ చూపెను. ఒకప్పుడు ఫెలిక్స్ తోక పోవును. ఏమి చేయుదునా యని చింతింపగా తలమీద ప్రశ్నార్థకము మొలచును. ఫెలిక్స్ ఆ గుర్తు వంపును చూచి, దానిని పట్టి వెనుక అంటించుకొనును. తోక వచ్చినది! శ్లేషయందు ఒకే శబ్దము రెండర్థములనిచ్చును. ఇక్కడ ఒకే ఆకారము రెండు పదార్థములగుచున్నది. అర్థమునందు అది ప్రశ్న, రూపమునందు తోక. దీనిని రూపశ్లేష యనిన తప్పు కాదనుకొందును.

తెలుగు పాఠకునికి ఈ చమత్కారము కొంత దూరముగా తోచవచ్చును. మనకు ప్రశ్నార్థకపు గుర్తు అచ్చు యంత్రముతో వచ్చినది. ‘వచ్చెను’ అనుదానిని ‘వచ్చెనా’ యని దీర్ఘము చేసినచో ప్రశ్న యగును గాని, దానికి వేరుగా వంకర గీత అవసరము లేకుండెను. అయినను మన లిపియందు ఇట్టి విద్యకు సామగ్రి తక్కువ కాదు. తలకట్టు, కొమ్ము, గుడి, వట్రుసుడి, వలపలగిలక యను పేర్లను చూడుడు. అక్షరముల గుర్తులకు మనవారు తలపాగనో, జంతువు కొమ్మునో, నీరు చేదు గిలకనో స్ఫురింపజేయు పేర్లు పెట్టిరి. ఫెలిక్స్ తెనుగునాట పుట్టియున్నచో బావివద్ద నిలిచి ‘ర్మ’ నుండి వలపలగిలకను ఊడబెరికి నీరు తోడియుండును.

అక్షరముల రూపముతో ఆడుటలో మన కవులు వెనుకబడినవారు కారు. పద్మబంధము, ఖడ్గబంధము, నాగబంధము మొదలగునవి అందరికి తెలిసినవే. ఆలంకారికులు వాటిని చిత్రకావ్యమని పేర్కొని తక్కువ తరగతిలో నుంచిరి. వ్యంగ్యము లేని వైచిత్రి మాత్రమే యుండుట వారి ఆక్షేపణము. ఫెలిక్స్ కు ఈ ఆక్షేపణము తగులునా? కొన్ని చిత్రములకు తగులును. ఒకే ఉపాయమును పలుమారులు వాడి విసుగు పుట్టించిన చిత్రములు లేకపోలేదు. కాని మంచి చిత్రములలో గుర్తు వస్తువుగా మారుటకు వెనుక ఒక అవసరముండును. పిల్లికి ఆకలి యగును, చలి వేయును, తలుపు తెరువరు. లోకమున ఏదియు దొరకనప్పుడు తన తోకయు, తన సందేహమును తప్ప వానికి ఆస్తి లేదు. నాగబంధమునందలి పాము ఎవరిని కరువదు, ఎవరి ఆకలియు తీర్పదు. అందుచేత రెండును ఒకటి కావు.

మూకీ చిత్రమనినంత మాత్రమున మాట పూర్తిగా లేదని భావింపరాదు. ఫెలిక్స్ చిత్రములలో మాటలను నోటివద్ద బుడగలలో వ్రాసి చూపుటయు కలదు. కాని అది సమాచారమునకే గాని నవ్వుకు కాదు. మన దేశమున మూకీలు ప్రదర్శించునపుడు తెరప్రక్క నిలిచి కథ వివరించువారు ఉండెడివారు. బొమ్మకు మాటను జతచేయు మన అలవాటు అచ్చటను పనిచేసినది.

ఈ భేదమును పట్టించుకొనుట పరిశోధకులకు అవసరమైన పని. పటమును మూగబొమ్మల వరుసగా భావించినందువలన మనకు కలిగిన నష్టము కంటికి కనబడుచునే యున్నది. గుడ్డలు వస్తుప్రదర్శనశాలలకు చేరినవి, చిన్న పటములు గోడల అలంకారములైనవి. వాటిని పలికించిన పాటయు వచనమును ఆ వేగముతో లిఖితము కాలేదు. కూనపులివారి పటమును కార్టూనుకు తాత యని పొగడినప్పుడు, మనము పొగడుచున్నది అందులో హాస్యము పుట్టని భాగమును.

1928 నవంబరు 18వ తేదీన న్యూయార్కులో డిస్నీ వారి ‘స్టీంబోట్ విల్లీ’ శబ్దముతో వెలువడెను. సలివన్ కొంతకాలము శబ్దమును లెక్కచేయలేదు. పిదప పాత ఫెలిక్స్ చిత్రములకే ధ్వనులు అతికించి విడుదల చేసిరి. అవి నిలువలేదు. అతుకుల పని నాసిగా నుండుట ఒక కారణము. అంతకంటె పెద్ద కారణము వేరు. నోట అడుగగలిగిన పిల్లికి తలమీద ప్రశ్నార్థకము మొలవవలసిన పని లేదు. మొలవనిదానిని ఊడదీసి తోకగా పెట్టుకొనుట యెట్లు? 1930 నాటికి ఈ చిత్రముల నిర్మాణము ఆగిపోయెను. 1933లో సలివన్ మరణించెను. మెస్మర్ పత్రికలలో ఫెలిక్స్ బొమ్మల కథలను గీయుచు, న్యూయార్కు టైమ్స్ స్క్వేరులోని విద్యుద్దీపముల ప్రకటనలకు కదలు బొమ్మలను సమకూర్చుచు బహుకాలము పనిచేసి, 1983లో కన్నుమూసెను.