చివరి మనిషి వరకు: అస్సాం రెజిమెంటు తొలి పటాలము

నాగులు, మిజోలు, కుకీలు, ఖాసీలు, గారోలు, మైదానపు అస్సామీలు: ఒకరి భాష ఒకరికి తెలియదు. వీరినందరిని ఒక్క పటాలముగా కూర్చుట 1941 జూన్ 15న షిల్లాంగులో ఆరంభమైనది. అస్సామునకు తనదైన పోరాట దళము కావలెనను కోరిక ఆనాడు తీరినది. లెఫ్టినెంట్ కర్నల్ రాస్ హౌమన్ తొలి అధిపతి. భాషలెన్ని యున్నను ఆజ్ఞలు మాత్రము హిందూస్థానీలోనే. ఆ డిసెంబరులోనే జపాను యుద్ధమున దిగెను.

1944 మార్చిలో జపాను 31వ డివిజను చిండ్విన్ నది దాటి కొహిమా వైపు నడచినది. దారిలో జెస్సామీ, ఖరాసోమ్ అను రెండు కొండ పల్లెలున్నవి. అచట కందకములు త్రవ్వుకొని నిలిచినది ఈ పటాలమే. చివరి మనిషి వరకు, చివరి తూటా వరకు పోరాడుడని వారికి ఆజ్ఞ. ఆజ్ఞలిచ్చువారికి అది ఒక వాక్యము. పెద్ద యుద్ధమింకను చూడని యువకులకు అది అంతకంటె చాల ఎక్కువ.

తరువాత పైవారు మనసు మార్చుకొనిరి, వెనుకకు రమ్మనిరి. కాని ఆ మాట చేరు మార్గమేది? వైర్‌లెస్ తెగిపోయినది. విమానము జారవిడిచిన సందేశము శత్రువుల చేత పడినది. మీట త్రిప్పినంతనే దూరపు గొంతు వినబడు మన యిండ్లలో కూర్చుండి యోచించిన, ఆ నిశ్శబ్దమెంత బరువో కొంత తెలియగలదు. తుదకు కార్లెట్ అను యువ లెఫ్టినెంటు శత్రువుల నడుమగా పోయి జెస్సామీకి ఆ మాట చేర్చెను. మార్చి ముగిసి ఏప్రిల్ మొదలగు రాత్రి, లెఫ్టినెంట్ కర్నల్ బ్రౌన్ మిగిలినవారితో బయటపడెను.

ఖరాసోమునకు ఆ కబురు అందనే లేదు. అచటి కంపెనీ నాయకుడు కెప్టెన్ యంగ్. నీరు, ఆహారము, మందుగుండు అడుగంటినవి. ఆయన తన సిపాయిలను పంపివేసి, ఆజ్ఞలోని ఆ చివరి మనిషి తానేయని ఒంటరిగా నిలిచి మరణించెను. ఆజ్ఞను మీరక, మనుషులనును పోగొట్టక ఆయన కనుగొన్న ఉపాయమది. సేనాపతులలో ఇట్టి లెక్క తెలిసినవారు అరుదని నా యభిప్రాయము.

కొహిమా చేరిన సుమారు 260 మందికి విశ్రాంతి దొరకలేదు. ఏప్రిల్ మొదటి వారముననే ముట్టడి పడినది. తొలి సహాయ దళము 18న గాని రాలేదు. ఆవల బర్మాలో టాంగూ వరకు పోరి, రెజిమెంటు ఆరు యుద్ధ బిరుదములు పొందినది. వానిలో మొదటిది జెస్సామీ.

ఇక పటాలమువారు చెప్పుకొను బద్లూరామ్ కథ. ఆ సిపాయి యుద్ధమున మరణించినను, సరకుల అధికారి అతని పేరు పట్టికనుండి కొట్టివేయక రేషను తీయుచునే యుండెనట. మిగిలిన ఆ తిండియే ముట్టడిలో సహచరుల ఆకలి తీర్చెనందురు. రేషను కార్డులో పేరు చేర్చుట, తీయుట ఎంత పనియో ఎరిగిన గృహస్థులకు ఇందలి చమత్కారము చెప్పనక్కరలేదు. యుద్ధానంతరము దానిపై పాట కట్టిరి. షిల్లాంగు హ్యాపీ వ్యాలీలో శిక్షణ ముగించిన క్రొత్త సిపాయిలు నేటికిని దానిని పాడుచు, చిందులు త్రొక్కుచుందురు.